మాంగనీసు ఆత్మకథ

మాఘమాసమున, బారెడు పొద్దెక్కిన వేళ, కొత్తపేట దాళ్వా చేల ప్రక్కనున్న బోదె గట్టున కూర్చుండి నీటిలోనికి తొంగిచూచినవారికి, నాచుపోచల నంటుకొని ముత్యములవలె మెరయు సన్నని బుడగలు కనబడును. అది చేప విడిచిన గాలి కాదు. నీటిని చీల్చి నేను వెలువరించిన ప్రాణవాయువు. నన్ను మాంగనీసందురు.

మావారనేకులు విజయనగరము సీమలో, గరివిడి, చీపురుపల్లి ప్రాంతపు గనులలో నల్లరాళ్లయి పడియుండి, తుదకు ఉక్కులో కలియుచున్నారు. నేను మాత్రము దక్కను నల్లరాతినుండి విడివడి, గోదావరి వరదతో కొట్టుకొనివచ్చి, 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టను దాటి, కోనసీమ ఒండ్రులో కుదురుకొంటిని. వరిచేలో నీరు నిలిచి మన్నున ప్రాణవాయువు అడుగంటినప్పుడు కరగి బోదెలోనికి జారితిని. నాచు నన్ను పీల్చుకొనెను.

నాచు కణమున మేము నలుగురు మాంగనీసులము, ఒక కాల్షియము, అయిదు ఆక్సిజనులు కూడి, కాళ్లు వంకరపోయిన కుర్చీవలె అమరియుందుము. కాంతి తాకినప్పుడెల్ల మాలోనుండి ఒక్కొక్క ఎలక్ట్రాను తొలగును. నాలుగు తొలగినంతనే, ఆ లోటు పూడ్చుకొనుటకై రెండు నీటి అణువులనుండి నాలుగింటిని లాగికొందుము. అప్పుడొక ఆక్సిజను అణువు విడుదలయగును. ఈ నాలుగడుగుల నడకను 1970లో బెస్సెల్ కోక్ వివరించెను. మా కుర్చీరూపమును 2011లో జపాను శాస్త్రజ్ఞులు స్ఫటికమునందు స్పష్టముగా కనుగొనిరి.

1995 జనవరిలో పాశర్లపూడి సహజవాయువు బావినుండి ఎగసిన మంట రెండు నెలలు దాటి మండినప్పుడు, దాని కాహారమైనది మావంటివారు వెలువరించిన ప్రాణవాయువే. ఆ సహజవాయువు కాలిన బొగ్గుపులుసు గాలి మిగులును; హైడ్రోజను కాలిన నీరే మిగులును. కనుకనే నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజను పట్టుటకై, విశాఖకు చేరువనున్న పూడిమడకలో 2025 జనవరి 8న ఒక మహాకేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. అయితే ఈ పనిలో కష్టమంతయు ఆక్సిజను వైపుననే యున్నది. క్షారజలపు యంత్రములలో నికెలు, ఇనుము చాలును గాని, ఆమ్లపు యంత్రములకు ఇరిడియము కావలెను; అది లోకమంతటను ఏటా ఏడెనిమిది టన్నులు దొరకుటయే గగనము. నేను కారుచవుకనే గాని, ఆమ్లములో కరగిపోవుదును. ఈ దోషమును దాచుకొనను. 2024లో జపాను రికెన్ సంస్థవారు నా ఆక్సైడులో ఆక్సిజనుల అమరికను సవరించి, 1000 గంటలపాటు నన్ను ఆమ్లమున నిలుపగలిగిరి.

మరి నాచులో నేనెట్లు నిలిచితిననగా, నేను గట్టివాడనగుటచేత కాదు. తీవ్రమైన ఎండలో మమ్ము పట్టియుండు మాంసకృత్తు అరగంటకే చెడును. నాచు చెడినదానిని ఊడదీసి, క్రొత్తదానిని నేసి, ఆ స్థానమున మా కుర్చీని తిరిగి కూర్చును. వరద మేటవేసిన ఇసుకను ఎత్తిపోసికొని మరల విత్తు లంకరైతునకు ఈ విద్య క్రొత్త కాదు. చెడని వస్తువుకై వెదకు పండితులు, చెడినదానిని పని నడుచుచుండగనే బాగుచేసికొను నేర్పునుకూడ వెదకవలెనని నా మనవి. నమ్మకము చాలనివారు పొద్దువాలకమునుపే బోదెగట్టునకు పోయి చూడుడు. బుడగ లేచుచునే యుండును.