ఆరో పాయింటు పెళ్లికూతురు

హెచ్-1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజంటూ అమెరికాలో సంతకం పడిందో లేదో, ఇక్కడ మాదాపూర్‌లో ఫ్లెక్సీలు మారిపోయాయి. అదే అద్దాల తలుపు, అదే సోఫా, రిసెప్షన్‌లో అదే అమ్మాయి. గోడమీది స్వేచ్ఛాదేవి మాత్రం దిగిపోయి బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ గేటు ఎక్కింది. 'జర్మనీ పీఆర్ 21 నెలల్లో! ఉద్యోగం అక్కర్లేదు! ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు!' ఇంకా నయం, జర్మనీ కూడా అక్కర్లేదనలేదు.

నాకూ ఫోన్లు వస్తున్నాయి. "సర్, మీ ఏజ్ ఎంత సర్?" యాభై దాటిందన్నాను. "పర్లేదు సర్, ఇంట్లో ముప్పై ఐదు లోపు ఎవరైనా ఉన్నారా?" ఇంటికో మనిషిని యుద్ధానికి పంపమని దండోరా వేసినట్టుంది ఆ అడగడం.

ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ ఇచ్చే ఛాన్స్ కార్డుకి ఆరు పాయింట్లు కావాలి. మన కుర్రాడికి ముప్పై ఐదు లోపు వయసుకి 2, రెండేళ్ల అనుభవానికి 2, ఐటీలో అక్కడ మనుషులు తక్కువ కాబట్టి 1. మొత్తం 5. ఆరోది ఎక్కడ? జర్మన్ ఏ2 నేర్చుకుంటే ఒకటి. ఇంగ్లిషులో సీ1 చూపిస్తే ఒకటి. కార్డుకి అర్హత ఉన్న భార్య కూడా కలిసి దరఖాస్తు పెడితే ఒకటి. డెర్, డీ, డాస్ బట్టీ పట్టడం కంటే తాళి కట్టడమే సులువని కొండాపూర్ తేల్చేసింది.

దాంతో సంబంధాల తీరే మారిపోయింది. మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మాయి బయోడేటా తిరిగింది. గోత్రం ఒక లైను, నక్షత్రం, పాదం ఒక లైను, ఆ కిందే 'అనాబిన్: హెచ్ ప్లస్'. పరాయి దేశాల యూనివర్సిటీలను జర్మనీ వాళ్లు జల్లెడ పట్టే డేటాబేస్ అది. అందులో హెచ్ ప్లస్ వస్తే యూనివర్సిటీకి గుర్తింపు ఉన్నట్టు. మా పెద్దమ్మ ఫోన్ చేసి అడిగింది: "ఒరే, అబ్బాయిది హెచ్ ప్లస్ మైనస్సట. దోషమా? శాంతి చేయిస్తే పోతుందా?"

అబ్బాయి వాళ్లు కట్నం వద్దన్నారట, ఎంత మంచివాళ్లో! అక్కడి ఖర్చుకి ముందే జమ చేసి చూపాల్సిన బ్లాక్డ్ అకౌంట్ ఒక్కటి ఆడపిల్లవాళ్లు చూసుకుంటే చాలట. 2025 లెక్కన నెలకి 1,091 యూరోలు, ఏడాదికి 13,092. మన డబ్బులో 13 లక్షల పైమాట. అమ్మాయి కార్డుకి మళ్లీ ఇంకో అకౌంటు. కట్నం నేరమని 1961లో చట్టం రాసినవాళ్లకి ఈ పద్దు తట్టలేదు పాపం.

వెనకటికి గ్రీన్‌కార్డు సంబంధం వస్తే వీధి వీధంతా చెప్పుకునేది. ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు కోటాలో మనవాళ్ల వరుస 2025లోనూ 2013 దరఖాస్తుల దగ్గరే నిలబడి ఉందని తెలిశాక మామగార్లకి జ్ఞానోదయమైంది. ఇప్పుడు మ్యారేజ్ బ్యూరోల్లో 'ఉద్యోగం' అన్న గడిలో 'జర్మనీ పీఆర్ ప్రాసెస్‌లో ఉంది' అని రాస్తున్నారు. కుర్రాడేమో ఇంకా రాయదుర్గం మెట్రో ఎస్కలేటర్ మీదే ఉన్నాడు.

ఇక నవ్వు రావడం లేదు నాకు. మా అక్క కొడుకు ఇలాంటి ఒక కన్సల్టెన్సీకి లక్షా ఎనభై వేలు కట్టాడు. దేనికి? ఛాన్స్ కార్డు వీసా ఫీజు 75 యూరోలు. దరఖాస్తు జర్మనీ ప్రభుత్వ పోర్టల్‌లో ఎవరిది వాళ్లే నింపుకోవచ్చు. ఆ కార్డు చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టు కాదు. వెతుక్కోవడానికి ఒక ఏడాది గడువు, వారానికి 20 గంటల పార్ట్‌టైమ్, అంతే. పీఆర్ లెక్క అప్పటికి మొదలే కాదు. బ్లూకార్డు అనే ఉద్యోగ అనుమతికి తగిన కొలువు దొరకాలి, జీతం గీత దాటాలి (2025లో ఐటీ వాళ్లకి ఏడాదికి 43,759.80 యూరోలు, ఆ 80 సెంట్లతో సహా), పెన్షన్ నిధికి నెలనెలా కడుతూ 27 నెలలు పని చేయాలి. జర్మన్ బీ1 పాసైతే 21 నెలలు. ఫ్లెక్సీ మీద 21 మూరెడు అక్షరాల్లో ఉంది. బీ1 ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకండి, కనపడదు. నెలల తరబడి కూర్చుని చదవాలని చెబితే మా వాడు ఆ సోఫాలోంచి అప్పుడే లేచి వచ్చేసేవాడు కదా! సంతకం చేయించుకునేదాకా కన్సల్టెన్సీ వాళ్లు నోరు మెదపలేదు. లేఆఫ్ భయంతో నిద్రపట్టని పిల్లల జేబులు కొట్టడానికి ఇంత అద్దాల ఆఫీసు ఎందుకు, సిగ్గు లేకపోతే సరి!

ఛాన్స్ కార్డు వరకైతే వాడికి జర్మన్ ఏ1 చాలన్నారు. ఆ పరీక్షలో మాట్లాడే మొదటి భాగంలో చెప్పాల్సినవి పేరు, వయసు, దేశం, ఊరు, భాషలు, వృత్తి, హాబీ. ముక్కలు కాగితం మీద రాసే ఇస్తారు. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని 'ఇష్ హైసె' (నా పేరు) అంటూ వల్లె వేశాడు. బ్యాచ్ మొత్తానికీ హాబీ ఒకటే, వంట. తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టే రకం కాదు మా వాడు.

మూడేళ్లలో జర్మన్ పౌరసత్వం అన్న బోర్డు ఇంకా వేలాడుతోంది. ఆ వెసులుబాటును 2025 అక్టోబరులో వాళ్ల పార్లమెంటు ఎత్తేసింది. ఇల్లు కొంటే నివాస అనుమతి ఇచ్చే గ్రీసు గోల్డెన్ వీసా మీద స్టార్ హోటళ్లలో సెమినార్లు సరేసరి. ఏథెన్స్‌లో 8 లక్షల యూరోల ఇల్లు కొనాలి, రిజర్వు బ్యాంకు మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లే పంపనిస్తుంది కాబట్టి నలుగురి పేర్లు కలపండి, నానమ్మని కూడా వేయండి అంటారు. బిర్యానీ మాత్రం బాగుందట. ఈ లెక్కన వీసాల దేవుడు చిలుకూరు బాలాజీయే మేలు. ఏ దేశానికైనా అవే 11 ప్రదక్షిణలు, పనయ్యాక 108. హుండీ కూడా లేదు.

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటుకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకే ఫోన్లో ఉద్యోగం, పీఆర్ అని ఊదరగొట్టేవాళ్లు కాగితం దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేస్తారు. మా వాడి రసీదు తెప్పించి చూశాను. 'డాక్యుమెంటేషన్ అసిస్టెన్స్, నాన్ రిఫండబుల్' అని ఉంది. ఏం చేశార్రా అంటే, పదో తరగతి మెమో నుంచి రిలీవింగ్ లెటర్ దాకా స్కాన్ చేసి ఫోల్డర్‌లో పెట్టారట. లెక్కేస్తే పేజీకి నాలుగు వేలు పడింది. ఎకరం వంద కోట్లు దాటిన కోకాపేటలో కూడా జిరాక్సుకి రెండు రూపాయలే తీసుకుంటున్నారు.