దాపటెద్దుకు శభాష్

అమ్మానాన్నలను మంచుకొండలెక్కించడం ఈమధ్య పుణ్యకార్యాల్లో చేరింది. అరవై ఏళ్ళ తండ్రి చలికి గజగజ వణుకుతుంటే, పక్కన నల్లకళ్ళద్దాల కొడుకు. ఆ వీడియో చూసినవాళ్ళంతా శ్రవణకుమారుడని మెచ్చుకోవడం. శ్రవణకుమారుడు కావడి తానే మోశాడు. ఇక్కడ తండ్రి తన సంచీ తాను మోసుకుంటాడు, అప్పుడప్పుడు కొడుకుది కూడా.

నారాయణఖేడ్ బస్టాండు ఎదుట ఒక చాయ్ హోటలు. ట్రెక్కుబాబు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. పంతులు రిటైరయ్యాడు గాని పాఠం మానలేదు. మూడోవాడు హోటలాయన.

ట్రెక్కుబాబు: సార్, వచ్చే నెల మా నాయిన్ను కేదార్‌కంఠ తీస్కపోతున్న. ఉత్తరాఖండ్‌ల. పన్నెండున్నర వేల అడుగుల ఎత్తు.

పంతులు: ఏం, భూమి పంచియ్యనన్నడా?

ట్రెక్కుబాబు: మజాక్ గాదు సార్. బాండింగ్ కోసం. ఆడ సిగ్నల్ ఉండదు, కరెంటుండదు. అస్సల్ మారుమూల!

హోటలాయన: కరెంటు లేకుండ ఉండనీకి అంత దూరమెందుకు పటేలా? గాలివాన వచ్చిన్నాడు ఖేడ్‌లనే ఉండరాదు?

పంతులు: మన ఊరి పేరు రాసినప్పుడల్లా పేపరోళ్ళు ముందట 'మారుమూల' అని తగిలిస్తరు. మారుమూలల పుట్టినోడు పైసలు గట్టి ఇంకో మారుమూలకు పోవుడు ఇప్పుడే వింటున్న. ఇంతకూ మీ నాయిన ఏమన్నడు?

ట్రెక్కుబాబు: ఆడ జొన్నరొట్టె దొరుకుతదా అన్నడు.

పంతులు: దొరుకుతదా?

ట్రెక్కుబాబు: మ్యాగీ పెడ్తరు సార్. అది గాదు, వేరే తిప్పలున్నది. రోజూ నడుస్తున్నట్టు ట్రెక్కు కంపెనోళ్ళకు రుజువు పంపాలె. అడుగులు లెక్కవెట్టే వాచీ కొనిచ్చిన. వారం దాంక సున్న!

హోటలాయన: సున్నా? కోడి కూయకముందే చేన్ల ఉంటడు గద!

ట్రెక్కుబాబు: ఖరాబైతదని వాచీ గూట్ల వెట్టి పోతున్నడు.

పంతులు: అంటే లెక్క ప్రకారం మీ నాయిన మంచంల ఉన్నట్టు.

ట్రెక్కుబాబు: కొట్లాడితే మొన్న కట్టిండు సార్. ఒక్కరోజుల ఇరవై రెండు వేల అడుగులు! కంపెనీ నుంచి శభాష్ అని మెసేజ్ వచ్చింది.

హోటలాయన: మొన్ననా? మొన్న పొద్దంత ఈ బల్ల మీదనే కూసుండె మీ నాయిన. జీతగాడు గుంటుక తోలుతుండె. వాచీ దాపటెద్దు ముందరి కాలుకు కట్టొచ్చిన అని నాతోనే చెప్పిండు.

పంతులు: మరి వలపటిది?

హోటలాయన: దాని నడక ఎవరు చూసిన్రు సార్? లెక్కల లేదు.

ట్రెక్కుబాబు: అగో! వయసుకు మించిన ఫిట్‌నెస్ అని రాసిన్రు సార్ మెసేజ్‌ల!

పంతులు: వయసెంత దానిది?

హోటలాయన: ఆరుపండ్లది.

పంతులు: ఫారంల వయసు కాడ అదే రాయి బిడ్డా. కంపెనోళ్ళు మనిషిని చూడరు, వాచీని చూస్తరు. రోజుకు పదివేల అడుగులని మొత్తుకుంటున్నరు గద, ఆ లెక్క ఏ డాక్టరూ చీటి మీద రాసింది గాదు. 1965ల జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కవెట్టే మిషన్ అమ్ముకునేతందుకు దానికి పెట్టుకున్న పేరు. మన ఎద్దుకు జపనోళ్ళ మాట తెల్వదు, అందుకే ఇరవై రెండు దాంక పోయింది.

ట్రెక్కుబాబు: మీరట్లనే అంటరు. 2014ల మన నిజామాబాద్ పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేండ్లన్న నిండకముందే ఎవరెస్ట్ ఎక్కలేదా?

పంతులు: ఎక్కింది. భువనగిరి గుట్ట మీద నేర్సుకొని, నెలలకొద్ది తయారయి ఎక్కింది. వాళ్ళమ్మానాయనలను గుంజుకపోలె. కొండ ఊకెనే ఎక్కేది గాదు బిడ్డా. మూడువేల మీటర్లు దాటినంక ఒక్కరాత్రికి అర కిలోమీటరు కంటె ఎక్కువ ఎత్తుకు పోయి పండొద్దంటరు. తల పగిలిపోతదట, కక్కులొస్తయట. ముదిరితే కిందికి దిగుడే మందు. గని మీ నాయిన చెప్తడా? నువ్వు గట్టిన పైసలు దండుగైతయని, ఎట్లున్నదే నాయినా అంటే 'నాకేమైతది' అంటడు. పల్లు నొస్తే ఆర్నెల్లు చెప్పని మనిషి! నువ్వేమో వీడియో తీస్కుంట నవ్వమంటవ్.

హోటలాయన: సార్, చాయ్ సల్లారుతుంది.

పంతులు: సల్లారనీ. దసరా అయినంక మన తండాల ఎన్ని ఇండ్లకు తాళాలు పడ్తయో చూసినవా? ఎడ్లబండి గట్టుకొని, పిల్లలనేసుకొని, చెరుకు కొట్టనీకి ఎల్లిపోతరు. నెలలకొద్ది ఆ తోటల పొంటి గుడిసెలల్ల తల్లి, తండ్రి, పిల్లలు ఒక్కకాడ పంటరు. సిగ్నల్ ఉండదు, కరెంటుండదు. వాళ్ళకు శభాష్ అని మెసేజ్ పెట్టిన కంపెనీ ఉన్నదా?

ట్రెక్కుబాబు: అది వలస సార్. ఇది ట్రావెల్.

పంతులు: అవ్. పైసలిచ్చి గుడారంల పంటే ట్రావెల్, పైసల కోసం పంటే వలస. అంత నడవాలనుంటే నాయిన్ను సలేశ్వరం తీస్కపో. చైత్ర పున్నమికి అడవోళ్ళు తొవ్వ ఇడుస్తరు, నల్లమలల. రాంపూర్ పెంట కాడ బండి దిగి, రాళ్ళమీదికెళ్ళి లోయలకు దిగాలె. ఆడ లింగమయ్యకు పూజారులు చెంచులు. ముసలోళ్ళు కట్టె వట్టుకొని, చిన్నపిల్లలను సంకనేసుకొని ఆడోళ్ళు దిగుతరు. వాచీ అడిగెటోడు ఉండడు.

హోటలాయన: పులులుంటయట గద ఆడ?

పంతులు: ఉంటయ్. అమ్రాబాద్ పులుల అడవే అది. అందుకే కొన్ని దినాలే ఇడుస్తరు. రుజువు మటుకు పులి గూడ అడగదు.

హోటలాయన: మీరు ఎన్నడన్న పోయిన్రా సార్?

పంతులు: మోకాళ్ళ నొప్పులున్నయ్‌గాని, లేకుంటే...

ట్రెక్కుబాబు: (ఫోను చూసి) ఎద్దు ముచ్చట కంపెనోళ్ళకు చెప్పేసిన సార్. నాయిన రాడు అన్న. పైసలు వాపసియ్యరట. పేరు మటుకు మార్చుకోవచ్చట.

హోటలాయన: దాపటెద్దు పేరు రాయి పటేలా. పాసైంది గద!

ట్రెక్కుబాబు: సార్... పోనీ మీరొస్తరా?

పంతులు: నేనా? ఇంతసేపు నీకేం చెప్పిన్రా! (గ్లాసు పక్కకు జరిపి) ఆ చలికోటు వాళ్ళే ఇస్తరా, మనమే కొనాల్నా?