మిశ్రమ భిన్నాలు: తల్లిదండ్రులకు తిరుగులేని చిట్కాలు

పిల్లలు ఐదు, ఆరు తరగతులకు వచ్చారంటే మిశ్రమ భిన్నాలు తగలక మానవు. కంగారు పడకండి. ఈ పద్ధతులు పాటిస్తే ఎంత పెద్ద లెక్కయినా అరనిమిషంలో అయిపోతుంది. జవాబు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

1. ముందు నాయనమ్మను దూరంగా ఉంచండి. ఆవిడ "రెండున్నర సోలల బియ్యం", "కిలోంబావు కందిపప్పు" అంటూ పొద్దస్తమానం భిన్నాల్లోనే మాట్లాడుతుంది. ఆ అర, పావు, పుస్తకంలోని ½, ¼ ఒకటేనని పిల్లలు కనిపెట్టారో, లెక్కకు అర్థం వెతకడం మొదలెడతారు. ఇక వేగం పోయినట్టే.

2. కూడికలో పూర్ణాంకానికి పూర్ణాంకం, లవానికి లవం, హారానికి హారం కలిపించండి. ఐదున్నర మీటర్ల చీరకు ముప్పావు మీటరు జాకెట్టు గుడ్డ కలిస్తే 5 4/6, అంటే 5⅔ మీటర్లు. బట్టల కొట్టతను ఆరుంబావు అంటే అతనితో పోట్లాడండి. "ముప్పావుకి అర కలిపితే ముప్పావు కంటే తగ్గిందేంటమ్మా?" అని పిల్ల అడిగితే, పరీక్షలో ప్రశ్నలు వాళ్లడుగుతారు, నువ్వు కాదని చెప్పండి.

3. తీసివేతలో ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలి, ఏది పైనున్నా సరే. 5¼ − 2¾ చూడండి. ఐదులో రెండు పోతే మూడు, ముప్పావులో పావు పోతే అర. జవాబు 3½. అప్పు బాధ లేదు.

4. అప్పు తేవాల్సిందేనని టీచరు పట్టుబడితే, మామూలు తీసివేతల్లో లాగే లవం ముందు 1 పెట్టించండి. ¼ కాస్తా 11/4 అవుతుంది. అందులో ¾ పోతే 8/4, పూర్ణాంకాల్లో మిగిలిన 2 కలిపితే జవాబు 4. తెచ్చిన ఒకటిని నాలుగు పావులుగా విడగొట్టి, ఉన్న పావుతో ఐదు చేసి, 2½ తేల్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లది ఒట్టి చాదస్తం. మనకిప్పటికే రెండు జవాబులు వచ్చాయి, టీచరుగారికి నచ్చింది దిద్దుకుంటారు.

5. క.సా.గు. జోలికి పోకండి. తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో భిన్నాల కోసం దాన్ని చెప్పాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. వాళ్లకు తీరిక ఎక్కువ. 5/12కి 7/18 కలపడానికి 36 సరిపోతుందని వెతుకుతూ కూర్చునే బదులు, 12ని 18తో గుణించి 216 పెట్టించండి. 174/216 అని రాస్తే నోటుబుక్కు నిండుగా ఉంటుంది. దాన్ని 29/36కి కుదించడం ఆదివారం పని.

6. ప్రతి మిశ్రమ భిన్నాన్నీ అపక్రమ భిన్నంగా మార్చాల్సిందే. 36¾ − 35½ని 147/4 − 71/2 చేయించండి. ముప్పయ్యారులో ముప్పయ్యైదు పోతే ఒకటి, ముప్పావులో అర పోతే పావు అని నోటితోనే ఒకటింబావు చెప్పేస్తే అడ్డుకోండి. మిగతా అరపేజీ ఏం చేసుకుంటాం?

7. అంచనా మాత్రం అస్సలు వేయనివ్వకండి. 7⅞ − 2⅛ అంటే ఎనిమిదికి కాస్త తక్కువలోంచి రెండుకు కాస్త ఎక్కువ పోతుంది, ఆరుకు లోపే ఉండాలి అని ముందే అనుకున్న పిల్లలకు 5¾ తప్ప ఏది వచ్చినా అనుమానమే. ఆ అనుమానం జవాబు దగ్గర ఆగదు. పద్ధతి మీదికి, అక్కణ్ణుంచి అది నేర్పినవాళ్ల మీదికి వస్తుంది. పై ఆరు చిట్కాలూ నిలవాలంటే ఈ ఏడోది తు.చ. తప్పకుండా పాటించాలి.