కాళ్లు బిగించిన మర

నా సైకిలు వెనక చక్రంలో ఒక స్పోకు తెగింది. దాని ఖరీదు చెబితే నవ్వుతారు; ఒక టీ నీళ్లకు కూడా చాలదు. కానీ తెగింది గొలుసు వైపు పుల్ల. దాన్ని మార్చాలంటే అడ్డంగా పళ్లికిలించి కూర్చున్న ఫ్రీవీలు ఊడాలి. నా కథంతా ఆ 'ఊడాలి' దగ్గరే ఆగిపోయింది.

ఎరగనివారికి మనవి. ఫ్రీవీలంటే పింఛను లాంటిది. మనం తొక్కడం మానేసినా బండి టిక్ టిక్ మంటూ నడిచేది ఆ 18 పళ్ల బిళ్ల చలవే. అది హబ్బు మీద అంగుళానికి 24 చుట్లున్న సన్నని మరతో బిగిసి ఉంటుంది. ఆ మర తొక్కే దిక్కుకే బిగుస్తుంది. దారిలో ఊడిపోకూడదని పెద్దలు చేసిన ఏర్పాటు. సదుద్దేశమే! అయితే పదకొండేళ్లుగా నేను రైలు వంతెన ఎక్కుతూ, సీటు మీంచి లేచి, 70 కిలోల ఒళ్లంతా పెడల్ మీద మోపిన ప్రతిసారీ అది మరో వెంట్రుకవాసి బిగిసింది. పైగా మాది కాకినాడ. మిగతా పని ఉప్పుగాలి చూసుకుంది.

దాన్ని విప్పడానికి లోపలి గాడుల్లో సరిగ్గా కూర్చునే రిమూవరు ఉంటుంది. నా దగ్గరున్నవి సుత్తి, ఉలి, ఆత్మవిశ్వాసం. మొదటి రెండూ పక్కింటి మాస్టారివి.

గాడిలో ఉలి ఆనించి కొట్టాను. గాడి అరిగింది. కొబ్బరినూనె పోశాను. తుప్పు నిగనిగలాడింది, మర మాత్రం కదల్లేదు. "ఎడమకండీ, ఎడమకు!" అని మాస్టారు గోడ మీంచి సుత్తికి కాపలా కాస్తూ అరిచారు. "ఆ ముక్కకోసం ఇంత యుద్ధమెందుకండీ, షాపులో ఇస్తే పోదా?" అంది మా ఆవిడ. ఆ మాటతో నాకు షాపు దారి పూర్తిగా మూసుకుపోయింది.

అప్పుడు కనిపించింది, రెండు చిన్న బెజ్జాలున్న పై బిళ్ల. ఎడమకు బాదాను. రాలేదు. మా అబ్బాయి ఫోనులోంచి తల ఎత్తకుండానే, "నాన్నా, దానికి ఎదురు మర. కుడికి కొట్టాలి" అన్నాడు. ఒకే వస్తువుకి లోపలొక న్యాయం, పైనొక న్యాయం!

కుడికి నాలుగు దెబ్బలు వేశాను. వచ్చింది! వచ్చింది ఫ్రీవీలు కాదు, దాని మూత. వెంటనే మిరియాలకన్నా చిన్న ఉక్కు గుళ్లు డజన్లకొద్దీ వరండా అంతా పరుగులు తీశాయి. టిక్ టిక్ మనిపించే చిన్న నాలుకలు మెట్ల కింద దూరాయి. మర్నాడు మా ఆవిడ కందిపప్పులోంచి ఒక గుండు తీసి, మాట్లాడకుండా నా కంచం పక్కన పెట్టింది. పళ్ల చక్రమైతే చేతికొచ్చింది గానీ, లోపలి ముక్క హబ్బును అంటుకునే ఉంది. పళ్లూడినా పట్టు విడవని పెద్దమనిషి.

చివరికి షాపుకే వెళ్లాను. అక్కడి ముసలాయన ఆ లోపలి ముక్కను వైసులో బిగించి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, బస్సు స్టీరింగులా ఎడమకు తిప్పాడు. 'టక్' మంది. అంతే! పొడవాటి పట్టుకర్ర దొరకలేదని రెండు రోజులు ఏడ్చాను. 28 అంగుళాల చక్రాన్ని ఒళ్లో పెట్టుకునే ఏడ్చాను.

"బాబుగారూ, ముట్టుకోకుండా తెచ్చుంటే పుల్ల డబ్బులతో పోయేది. ఇప్పుడు ఫ్రీవీలు కూడా కొత్తది వెయ్యాలి" అన్నాడాయన.

నేరం కాళ్లది, శిక్ష చేతులకు, జరిమానా జేబుకు.

కొత్తది ఎక్కించే ముందు ఆయన మర చుట్టూ వేలితో గ్రీజు రాశాడు. పదకొండేళ్ల కిందట ఎవరూ రాయని గ్రీజు. మీరూ ఎప్పుడైనా ఫ్రీవీలు మార్పిస్తే, పక్కన నిలబడి మరీ ఆ గ్రీజు రాయించుకోండి. బిగించే సంగతి మీ కాళ్లు చూసుకుంటాయి.