కార్డు పోయినవాళ్లకు ఈ సలహాలు ఇవ్వకండి

రేషన్ కార్డు రద్దయిందని పక్కింటావిడ వచ్చి చెబితే, మనకు తోచిన మాట ఒకటి చెప్పి పంపేస్తాం. మంచి మనసుతోనే చెబుతాం. అయినా ఆ మాటలు ఆమెకు చెరుపే చేస్తాయి.

"కంప్యూటర్ ఊరికే తీసేస్తుందా? మీకేదో ఉండే ఉంటుంది." అన్నిటికంటే అన్యాయమైన మాట ఇదే. తెలంగాణలో 2014 నుంచి 2019 దాకా 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు కూడా ఇవ్వలేదు. వాహనాలు, భూములు, ఇళ్లు, ఉద్యోగాల వంటి రికార్డులన్నీ ఒకచోట చేర్చి, పేర్లూ చిరునామాలూ పోల్చి చూసే 'సమగ్ర వేదిక' అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ అనర్హులెవరో చెప్పింది. మన ఊళ్లలో ఒకే పేరున్నవాళ్లు ఎంతమంది! రిక్షా తొక్కే మనిషి పేరు, కారున్న మరొకాయన పేరు కలిసిపోయి ఆ పేదింటికి బియ్యం ఆగిపోయిన ఉదంతం హైదరాబాద్‌లోనే ఉంది. రద్దయిన కార్డుల మీద మళ్లీ విచారణ జరపమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ విచారణలో వేల కుటుంబాలు అర్హమైనవేనని తేలింది. కాబట్టి ఆవిడను అనుమానించకండి. ఏ కారణంతో తీసేశారో రాతపూర్వకంగా అడగమనండి.

"పోతే పోయింది, కొత్తదానికి పెట్టుకోండి." కారు ఉందన్న తప్పు రికార్డు అలాగే ఉంటే కొత్త దరఖాస్తు కూడా దాని దగ్గరే ఆగుతుంది. అదే 2014-19 కాలంలో లక్షకు పైగా కొత్త దరఖాస్తులు కూడా తిరస్కరణకు గురయ్యాయి. ముందు ఆ తప్పును దిద్దించాలి.

"వేలిముద్ర పడలేదా? వచ్చే నెల చూద్దురులే." కార్డు ఉన్నా రేషన్ షాపులో వేలిముద్ర పడక తిరిగొచ్చేవాళ్లకు చెప్పే మాట ఇది. వేలిముద్ర పడకపోతే ఇంకో విధంగా సరుకులు ఇవ్వాలి, ఆ కారణంగా ఎవరినీ వెనక్కి పంపకూడదని కేంద్రం 2017 అక్టోబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. ఇటుకలు మోసి, గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్లు వచ్చే నెలకు మాత్రం మారతాయా?

"బియ్యమేగా, బయట కొనుక్కోండి." మనిషికి నెలకు ఆరు కిలోలంటే నలుగురున్న ఇంట్లో 24 కిలోలు. పైగా ఆ కార్డుతో బియ్యం ఒక్కటే రాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, 500 రూపాయల గ్యాస్, 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు, అన్నిటికీ మూలం ఆ కార్డే. ఒక్క కార్డు పోతే ఇల్లంతా కుంగుతుంది.

జిల్లాకొక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని 2013 ఆహార భద్రత చట్టమే చెబుతోంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. చదవడం రానివాళ్లకు అక్కడికి ఒంటరిగా వెళ్లాలంటేనే భయం. దరఖాస్తు మీరు రాసిపెట్టండి, వెంట వెళ్లండి, రశీదు చేతికి వచ్చేదాకా ఆవిడ పక్కనే నిలబడండి.