రెక్కల లెక్క

మా బావమరిది దృష్టిలో ఏ సమస్యకైనా మందు ఒకటే: సైజు పెంచడం. టీవీ, స్పీకర్లు, బండి సైలెన్సరు అన్నీ అయ్యాక వాడి చూపు రేసింగ్ డ్రోన్ మీద పడింది. అయిదంగుళాల ప్రొపెల్లర్లు పీకేసి ఆరంగుళాలవి బిగించాడు. అవి ఒకదాన్నొకటి కొట్టుకోకుండా చేతులు పొడుగున్న ఫ్రేము కూడా కొన్నాడు.

"ఒక్క అంగుళమేగా బావా, ఏమవుతుంది?"

ఏమవుతుందంటే, తిరిగే వేగం అదే అయితే, డ్రోన్‌ని పైకి లేపే బలం రెక్క వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మోటారు పెట్టాల్సిన శక్తి అయిదో ఘాతంలో పెరుగుతుంది. అంటే ఆ ఒక్క అంగుళానికి బలం రెట్టింపు, శక్తి ఖర్చు రెండున్నర రెట్లు. జీతం రెట్టింపై, ఖర్చు రెండున్నర రెట్లయిన సంసారం లాంటిదన్నమాట.

వాడి మోటారు 2400 కేవీది. లోడు లేనప్పుడు వోల్టుకి నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంది. చిన్న రెక్కతో పరుగెత్తడానికి పుట్టిన ఆ ప్రాణి పెద్ద రెక్కను లాగలేక ఆపసోపాలు పడింది. డ్రోన్ లేచింది, కాదనను. కానీ బరువైన రెక్క వేగం పెంచుకోవాలన్నా తగ్గించుకోవాలన్నా తాత్సారమే. వీడు కుడికి తిప్పితే అది కాసేపు ఆలోచించుకుని తిరిగేది. దించాక మోటారు ముట్టుకుని "అబ్బా!" అని వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. బ్యాటరీ పూరీలాగా ఉబ్బలేదు, అదే అదృష్టం.

అలాగని పెద్ద రెక్కను తిట్టకూడదు. కొంచెం గాలిని విసురుగా నెట్టడం కంటే ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టడమే పొదుపు. మిర్చి చేలల్లో పది లీటర్ల మందు మోసే డ్రోన్లకు మూరకు మించిన రెక్కలుంటాయి. వాటి మోటార్ల కేవీ మాత్రం వంద పైచిలుకే. ఆ రెక్కల గాలికి మొక్కలు ఊగి, మందు ఆకు అడుగున నక్కిన తామర పురుగు దాకా చేరుతుంది.

సైజూ వేగమూ రెండూ కావలసిన చోటు అంగారకుడు. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో దాదాపు నూరోవంతు. అందుకే 2021లో అక్కడ ఎగిరిన నాసా హెలికాప్టర్ ఇన్‌జెన్యుయిటీ బరువు 1.8 కిలోలే అయినా రెక్కలు 1.2 మీటర్లు, చుట్లు నిమిషానికి దాదాపు 2400.

"చూశావా, నాసా వాళ్లదీ నా లైనే!" అన్నాడు.

"సరే, తక్కువ కేవీ మోటార్లు కొనుక్కోరా" అన్నాను.

వాడు నా వంక చూడలేదు. వాళ్లక్క వంక చూశాడు.