సెక్టర్ 6 అంగూఠా మెషీన్ ఆత్మకథ

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో నన్ను అంగూఠా మెషీన్, అంటే వేలిముద్ర యంత్రం, అంటారు. అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా, పైన గాజు పలక, వెనక యూఎస్‌బీ తీగ. సెక్టర్ 6లో ప్రభుత్వ సేవలందించే ఒక చాయిస్ సెంటర్ బల్ల మీద నిన్నమొన్నటి దాకా నా కొలువు. అరబ్బీలో ‘యా అల్లా’ అని రాసినట్టుండే జామా మసీదును చూడటానికి ఈ సెక్టర్‌కి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నా దగ్గరికి మాత్రం పనిబడితేనే వచ్చేవారు.

మా వంశం పాతదే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద చేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. మా పెద్దలకు సిరా కావాలి, నాకు వెలుగు చాలు. గాజుకు ఆనిన గీత నల్లగా, ఆనని సందు తెల్లగా కనిపిస్తాయి. గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ చీలాయో పట్టి ఆధార్ సంఖ్యతో పంపిస్తే, ఆధార్ డేటా కేంద్రం కంప్యూటర్లు అవుననో కాదనో తేల్చేస్తాయి.

నన్ను తిప్పలు పెట్టేవాళ్లు పింఛనుదారులు. బతికే ఉన్నామని ఏటా జీవన్ ప్రమాణ్ పత్రం ఇవ్వాలి కదా! ఒక పెద్దాయన భిలాయి ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం వైపు మనిషి. బొటనవేలు నున్నగా అరిగిపోయింది. ఎంత నొక్కినా నాకు గీత దొరకదు.

“ఏటి నాయనా, నాను బతికున్నానా నేదా? నీ మెషీన్ ఏటంటాది?”

“ఉండండి తాతగారూ,” అని సెంటర్ నడిపే కుర్రాడు తడిగుడ్డతో ఆయన వేళ్లు తుడిచి, ఒక్కొక్కటీ పెట్టించి చూశాడు. ఉంగరం వేలు పలికింది. ఏ వేలూ పలకని వాళ్లకి 2021 నుంచి ముఖం చూపించే పద్ధతి ఉంది.

ఆయన వెంట మనవరాలు వచ్చింది. కాలేజీలో చేరడానికి కుల ధ్రువపత్రం కావాలి. దరఖాస్తు ఇక్కడే పెట్టొచ్చు. లోక్ సేవా గ్యారంటీ చట్టం 2011లో వచ్చాక ఏ సేవకు ఎన్నాళ్ల గడువో కూడా రాసి ఉంది. కానీ ఛత్తీస్‌గఢ్‌లో ఎస్సీ పత్రానికి కుటుంబం 1950 ఆగస్టు 10 నాటికే, ఎస్టీ పత్రానికి 1950 సెప్టెంబరు 6 నాటికే ఇక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి. ఓబీసీకైతే 1984 డిసెంబరు 26. ప్లాంటు ఒప్పందం సోవియట్ యూనియన్‌తో కుదిరిందే 1955లో. తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1959 ఫిబ్రవరిలో. 1950లో, ప్లాంటే లేని నాడు, ప్లాంటు కోసం వచ్చినవాళ్లు ఎలా ఉంటారు?

పోనీ ఆంధ్రా పత్రం ఉంటేనో? 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన విద్యార్థి ఆయన. వలస వెళ్లిన రాష్ట్రంలో సొంత రాష్ట్రపు ఎస్టీ హోదా చెల్లదన్నారు. తాత ఎవరో నేను ఎలాగోలా చెప్పేశాను. ఆ పిల్ల ఏ ఊరిదో చెప్పడం మాత్రం ఏ మెషీన్ తరమూ కాదు.

ఇప్పుడు నా ఉద్యోగమూ పోయింది. ఎల్1 రకం పరికరాలు వచ్చాయి. నేను తీసిన ముద్రకు కంప్యూటర్‌లోకి వెళ్లాకే తాళం పడేది. వీటికి కడుపులోనే పడుతుంది. మంచిదే, దొంగల భయం తగ్గుతుంది.

నా కుర్చీలోకొచ్చిన తమ్ముడికి చెప్పేదొకటే. వేలు పలక్కపోతే విసుక్కోకు, ఇంకో వేలు అడుగు. 1950 సంగతంటావా, అది నీ పని కాదు, కుర్రాడి పనీ కాదు. ఆ తేదీ మారాలంటే మనవాళ్లు తహసీల్ మెట్లెక్కి లాభం లేదు. పార్లమెంటుకు పంపిన మనిషిని నిలదీయాలి.